గుట్టు జారిందెక్కడ?

పిన్ ఎవరికీ చెప్పొద్దని, పాస్‌వర్డ్ ఎక్కడా రాసిపెట్టుకోవద్దని బ్యాంకులు హెచ్చరిస్తూనే ఉంటాయి. మంచి మాటే. కానీ గుట్టు బయటపడిందంటే ఖాతాదారే ఎక్కడో నోరు జారి ఉంటాడనే అనుమానం అందులో ఉంది. పాస్‌వర్డ్ చరిత్ర దాన్ని బలపరచదు. 1960ల తొలినాళ్లలో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందం ఒకే కంప్యూటర్‌ను పలువురు వాడుకునే సీటీఎస్ఎస్ వ్యవస్థను తయారుచేసి, ఎవరి ఫైళ్లు వారికే దక్కేలా పాస్‌వర్డ్‌లు పెట్టింది. తనకిచ్చిన కంప్యూటర్ సమయం చాలక, 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి పాస్‌వర్డ్‌ల ఫైలునంతా ప్రింటు తీయించుకున్నాడు. 1966లో ఇంకా విడ్డూరం జరిగింది: రోజువారీ ప్రకటన రావలసిన చోట పాస్‌వర్డ్‌ల జాబితాయే లాగిన్ అయినవారందరికీ దర్శనమిచ్చింది. రెండుసార్లూ పాస్‌వర్డ్‌లు బయటపడినవాళ్ల తప్పేమీ లేదు. జాబితాను ఉన్నదున్నట్టుగా దాచడమే అసలు లోపం.

జనం అజాగ్రత్త మాటేమిటని అడగవచ్చు. నిజమే, యూనిక్స్ నిపుణులు మోరిస్, థాంప్సన్ 1979లో ప్రకటించిన వ్యాసం ప్రకారం 3,289 పాస్‌వర్డ్‌లలో 86 శాతం సులువుగా దొరికిపోయేవే. అయినా వాళ్లు జనాన్ని తిట్టి ఊరుకోలేదు. పాస్‌వర్డ్‌ను వెనక్కి రాబట్టలేని రూపంలో దాచే పద్ధతిని, ఊహించి చూసేవాడి పనిని నెమ్మదింపజేసే మార్గాలను వివరించారు. పిన్ బలమూ ఇలాంటిదే. 1967లో లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో తొలి నగదు యంత్రం పెట్టించిన షెపర్డ్-బారన్ (మన షిల్లాంగ్‌లోనే పుట్టాడు) ఆరంకెలు అనుకున్నా, భార్య నాలుగే గుర్తుంటాయనడంతో తగ్గించానని చెప్పాడు. నాలుగంకెలంటే పదివేల అవకాశాలే. కొన్ని తప్పు ప్రయత్నాలకే కార్డును ఆపేసే యంత్రమే దానికి అసలు కాపలా.

కాపలా విఫలమైతే నష్టం ఎవరిదన్నది అన్నిటికంటే పెద్ద పేచీ. అమెరికా 1978 చట్టంతో, కార్డు పోయిందని వెంటనే తెలిపిన ఖాతాదారు భారాన్ని 50 డాలర్లకు పరిమితం చేసింది. బ్రిటన్‌లో చాలాకాలం బ్యాంకు మాటే చెల్లింది. తాను తీయని డబ్బు పోయిందని 1992లో ఫిర్యాదు చేసిన ఓ పోలీసునే మోసగాడన్నారు. బ్యాంకు తన కంప్యూటర్లను నిపుణుడికి చూపనందున 1996లో అప్పీలులో నిర్దోషిగా బయటపడ్డాడు. ఓటీపీని స్వయంగా చెప్పేవారి సంగతేమిటంటే, భారత రిజర్వు బ్యాంకు 2017 నిబంధనలు ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టాన్ని వారి మీదే వేశాయి. అయితే బాధ్యత ఖాతాదారుదేనని రుజువు చేయాల్సిన భారాన్ని ఆ నిబంధనలే బ్యాంకు మీద పెట్టాయి.