మన ఇళ్లలో మైక్రోవేవ్: వాడే తీరు, తెలుసుకోవాల్సినవి

అమెరికాలో మన తెలుగు ఇళ్లలో మైక్రోవేవ్‌తో వంట చేసేది తక్కువ, వేడి చేసుకునేదే ఎక్కువ. ఆదివారం వండి ఫ్రిజ్‌లో పెట్టిన పప్పు, కూర, అన్నం బుధవారం దాకా దీని పుణ్యమే. అప్పడాలు కూడా చాలామంది ఇందులోనే కాలుస్తారు. స్టవ్ మీద కాలిస్తే స్మోక్ అలారం మోగుతుందని భయం.

ఎలా పనిచేస్తుంది?
2.45 గిగాహెర్ట్జ్ తరంగాలు ఆహారంలోని నీటి అణువులను కదిలించి వేడి పుట్టిస్తాయి. ఇవి సుమారు అంగుళం, అంగుళంన్నర లోతు వరకే వెళ్తాయి. లోపలి భాగానికి ఆ వేడి మెల్లగా పాకాలి. అందుకే గిన్నె అంచున పొగలు కక్కే పప్పు మధ్యలో చల్లగా ఉంటుంది.

వేడి చేసే పద్ధతి
అన్నం మీద కాస్త నీళ్లు చిలకరించి, మధ్యలో గుంట చేసి, మూత వదులుగా పెట్టండి. సగం సమయం అయ్యాక కలపండి. ఆగిపోయాక ఒక నిమిషం అలాగే ఉంచండి. మిగిలిన వంటకం లోపలి దాకా 165 డిగ్రీల ఫారెన్‌హీట్ (74 సెల్సియస్) చేరాలి.

అన్నంతో జాగ్రత్త
రాత్రి అన్నం కుక్కర్‌లోనే వదిలేసి, పొద్దున్నే వేడి చేసి పిల్లల లంచ్ బాక్సులో సర్దడం చాలా ఇళ్లలో ఉంది. మొదట్లో నేనూ అలాగే చేసేదాన్ని. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి పెరిగి, వాంతులు తెప్పించే విషాన్ని తయారు చేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. కాబట్టి వండిన రెండు గంటల్లోపు లోతు తక్కువ డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నాలుగు రోజుల్లో తినేయండి.

చేయకూడనివి
• స్టీలు గిన్నెలు, జరీ అంచులాంటి బంగారు గీతలున్న ప్లేట్లు పెట్టొద్దు. నిప్పురవ్వలు లేస్తాయి.
• ఉడికించిన గుడ్డును వేడి చేయొద్దు. కొరికేటప్పుడు కూడా పేలవచ్చు.
• పసిపిల్లల పాలసీసా పెట్టొద్దు. సీసా గోరువెచ్చగానే ఉన్నా, లోపల పాలు అక్కడక్కడా నోరు కాలేంత వేడెక్కుతాయి.
• ఒట్టి నీళ్లు ఎక్కువసేపు కాచొద్దు. బుడగలు రాకుండానే మరుగు స్థాయి దాటి, టీ బ్యాగ్ వేయగానే పైకి చిమ్మవచ్చు.

రేడియేషన్ మాటేమిటి?
ఇది ఎక్స్‌రే లాంటిది కాదు. అన్నాన్ని రేడియోధార్మికంగా మార్చదు. స్విచ్ ఆగగానే తరంగాలూ ఆగుతాయి. తలుపు వంగినా, సరిగా మూసుకోకపోయినా మాత్రం వాడకండి.