వేలిలో ఇమిడిన మోటారు

థాలిడోమైడ్ మందు 1957లో పశ్చిమ జర్మనీలో, మరుసటి ఏడు బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చింది. 1961 చివర దానిని వెనక్కు తీసుకొనేలోగా, చేతులూ కాళ్ళూ సరిగా ఏర్పడని శిశువులు వేలసంఖ్యలో పుట్టారు. యాంత్రిక హస్తాల చరిత్రలో ఒక ముఖ్యమైన శాఖ ఆ విషాదం నుండే మొలిచింది. స్కాట్లండు ఇంజనీరు డేవిడ్ గౌ ఆ శాఖకు చెందినవాడు.

ఆ పిల్లలకోసం 1963లో ఎడిన్‌బరోలోని ప్రిన్సెస్ మార్గరెట్ రోజ్ ఆసుపత్రిలో ఒక పరిశోధనా విభాగం ఏర్పడింది. దానికి సారథి డేవిడ్ సింప్సన్. ఆయన చేసిన చేతులు కార్బన్ డయాక్సైడు వాయువు ఒత్తిడితో కదిలేవి. భుజం ఎంత జరిగితే చేయి అంత జరిగేలా ఆయన ముడిపెట్టాడు. కంటితో చూడకుండానే తన చేయి ఎక్కడున్నదో పిల్లవానికి తెలిసేది. ఎంత చక్కని ఊహ! అయినా ఆ పిల్లల్లో చాలామంది పెరిగేకొద్దీ వాటిని మూలన పడేశారు. కాలివేళ్ళతోనో, ఉన్న పొట్టి చేతులతోనో పనులు అంతకంటె చురుకుగా సాగేవి మరి. ఆ యంత్రాలు పిల్లల అవసరం కంటె, వారిని అందరిలా చూడాలనే పెద్దల ఆరాటాన్నే ఎక్కువగా తీర్చాయని నా అనుమానం.

గౌ 1980లలో ఎడిన్‌బరోలో ఈ పనిలోకి వచ్చాడు. ఆనాటి విద్యుత్ హస్తాలలో మోటారు అరచేతి భాగంలో ఉండి, వేళ్ళను పట్టకారులా బొటనవేలితో కలిపేది. అరచేయి నిలిచి వేళ్ళు మాత్రమే లేనివారి సంగతేమిటి? వారికి మోటారు పెట్టడానికి చోటేది? గౌ దానిని వేలిలోపలే ఇమిడ్చాడు. చోటు చాలక చేసిన ఆ ఉపాయమే తరువాత సంపూర్ణ హస్తానికి మూలమైంది.

1998లో కుడిచేయి లేని కాంబెల్ ఎయిర్డ్‌కు గౌ బృందం భుజం నుండి వేళ్ళదాకా విద్యుత్తుతో నడిచే చేతిని అమర్చింది. 2003లో ఆ కృషి స్కాట్లండు ప్రభుత్వ వైద్యసేవ నుండి వేరుపడి ఒక కంపెనీ అయింది. 2007లో ఐ-లింబ్ హస్తం వచ్చింది. అయిదు వేళ్ళకూ అయిదు మోటార్లు. వస్తువు తగలగానే ఏ వేలికి ఆ వేలు ఆగిపోతుంది, మిగిలినవి ముడుచుకుంటూ పోతాయి. మరుసటి ఏడు దానికి మాక్‌రాబర్ట్ పురస్కారం దక్కింది. 2016లో కంపెనీని ఐస్‌లండుకు చెందిన ఓస్సుర్ కొన్నది.

ఇంతచేసీ ఆ తొలి ఐ-లింబ్‌కు అందే ఆజ్ఞలు రెండే. మిగిలిన కండరాలలో పుట్టే స్వల్ప విద్యుత్తును చర్మంమీది ఎలక్ట్రోడులు గ్రహిస్తాయి: ఒకటి తెరవమంటుంది, ఒకటి మూయమంటుంది. బొటనవేలిని పక్కకు తిప్పాలంటే రెండోచేత్తో తిప్పుకోవలసిందే. స్పర్శ తెలియదు కనుక, గుడ్డును పట్టుకున్నంతసేపూ కన్ను దానిమీదే ఉండాలి. సింప్సన్ తన వాయుహస్తాలతో ఆ పిల్లల కళ్ళకు తప్పించాలని చూసింది ఈ కాపలానే.