విమానమునకుఁ బంకా నెన్నుకొనుట

వెంకటగిరికోటలో నేను తెలుఁగు పండితుఁడనుగా నున్న దినములలో నొక బాలుఁడు తరగతిలో లేచి, "అయ్యా, విమానము ముందున్న పంకా గాలి నెట్లు పట్టుకొని లాగును?" అని యడిగెను. నాకుఁ దెలియదు. తెలియదనుటకు నభిమాన మడ్డువచ్చెను. "అవి యన్నియు మన పూర్వులు విమానశాస్త్రమున నెన్నఁడో వ్రాసినవే, కూర్చుండుము" అంటిని. ఆ గ్రంథమును నే నప్పటికిఁ గంటఁ జూచియుండలేదు.

ఆ బాలుఁడు నేఁడు బెంగుళూరులో నొక కర్మశాలలోఁ బనిచేయుచు, మిత్రులతోఁ గూడి యిద్దఱు కూర్చుండఁదగిన చిన్న విమానమును గట్టుచున్నాఁడు. మొన్న నాకు జాబు వ్రాసెను: "ఇంజను వచ్చినది. పంకా నెన్నుకొనవలెను. ఆ శాస్త్రమున నేమున్నదో తాము సెలవీయవలెను." నే నాడిన మాటను నమ్మి యిద్దఱు మనుష్యు లాకాశమున కెగయఁబోవుచున్నారని తోఁచి నాకు భయము కలిగెను.

వెంటనే యా గ్రంథమును దెప్పించి చదివితిని. భరద్వాజమహర్షి పేర వెలసిన యా వైమానికశాస్త్రమును, మనకుఁ బొరుగున బెంగుళూరు చెంతనున్న ఆనేకల్లు సుబ్బరాయశాస్త్రిగారు 1918 మొదలు 1923 వఱకుఁ జెప్పి వ్రాయించిరి. శ్లోకముల భాష యార్షము కాదు. ఈ కాలపు సంస్కృతమే. 1974లో బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థ పండితులు దానిని బరీక్షించి, అందలి విమానము లెగురఁజాలవని తేల్చిరి. వాల్మీకి పుష్పకము కావ్యసత్యము. దానికిఁ గొలబద్ద వలదు. మనుష్యుని మోయు పంకాకో, కొలబద్ద లేక తీఱదు.

ఇఁక నిజమైన చరిత్రము. 1902వ సంవత్సరపుఁ జివర అమెరికాలో సైకిళ్ల వ్యాపారము చేయు రైటు సోదరులకు నిదే ప్రశ్న యెదురయ్యెను. ఓడలను నడపు పంకాల లెక్కలను దెచ్చుకొన్నఁ జాలునని వారు తలఁచిరి. వెదకి చూడఁగా నోడవారికిని లెక్క లేదు. చేసి చూచి దిద్దుకొనుటే వారి పద్ధతి. అన్నదమ్ములు నెలల తరబడి వాదించిరి. వాదము ముదిరి, తుద కన్న తమ్ముని పక్షమును, తమ్ముఁ డన్న పక్షమును బూనిరఁట! పూర్వపక్షసిద్ధాంతములు చదివిన మాబోఁటులకు ముచ్చట గొలుపు విషయ మిది. తేలిన సిద్ధాంత మేమనఁగా: పంకా యనునది సుడితిరుగుచు ముందునకుఁ బోవు ఱెక్కయే. ఆ లెక్కతో 8 అడుగుల 6 అంగుళముల పంకాలు రెంటిని గొయ్యతోఁ జెక్కిరి. పండ్రెండు గుఱ్ఱముల బలముగల యంత్రపు వడిని గొలుసులతోఁ దగ్గించి, వానిని నిమిషమునకు సుమారు 350 మాఱులు త్రిప్పిరి. 1903 డిసెంబరు 17న విమానము లేచెను. అట్టి పంకాలను మన కాలమునఁ బరీక్షింపఁగాఁ, దమకందిన శక్తిలో నూటికి 75 పాళ్లకుఁ దక్కువకాకుండఁ ద్రోపుగా మార్చినవని తేలెను.

ఏడేండ్లు తిరుగకుండ నా విద్య మన రాజధాని చేరెను. అప్పటికి మన ప్రాంతము ఉత్తరార్కాటు జిల్లాలోనిది. చిత్తూరు జిల్లా యేర్పడుట 1911లో. 1910 మార్చిలో చెన్నపట్టణమున డి ఏంజిలిస్ అను హోటలు యజమాని, తాను గీసిన పటమునుబట్టి బండ్లు కట్టు సింప్సను కంపెనీచేఁ గట్టించిన విమానములో నెగిరెను. అనఁగా సొంతముగా విమానము గట్టుకొనుట మన దక్షిణదేశమునకుఁ గ్రొత్త కాదు.

ఇప్పుడు నా శిష్యుని ప్రశ్న. పొడవైన పంకాను మెల్లఁగాఁ ద్రిప్పుట మేలు. కాని నేఁటి యింజనుల వడి వేఱు. ఆ రైటు పంకానే నిమిషమునకు 2,500 మాఱులు త్రిప్పినచో, దాని కొన సెకనునకు 1,112 అడుగులు పరుగెత్తి ధ్వనివేగము నించుమించుగా నందుకొనును. అప్పుడు బలము రొదలోఁ గలిసిపోవును. ఆఱడుగుల పంకా కొన యదే వడిలో 785 అడుగులే పోవును. నాఁటి గొలుసులకు మాఱుగా నేఁడు పండ్లచక్రములు వచ్చినవి, న్యాయ మొక్కటే.

రెండవది పంకా వాలు. ఒక్క చుట్టులో నెంత దూరము సాఁగవలెనో దానిని వాలు నిర్ణయించును. హార్సిలీకొండ నెక్కువాఁడు పొట్టియడుగులు వేయును. చదునున నడచువాఁడు బారలు సాఁచును. వాలు తక్కువైనఁ ద్వరగా లేచును. ఎక్కువైన దూరపుఁ బయనమునకు సుఖము. మన పీఠభూమిలో బెంగుళూరు సముద్రమునకు 3,000 అడుగుల యెత్తున నున్నది. గాలి పలుచన, ఇంజను బలమును దగ్గును. కనుకఁ జిన్న మైదానము నుండి లేచువారు పొట్టియడుగునే కోరుట క్షేమము.

మూఁడవది కొయ్య. ఇంజను అదరులను గొయ్య లోహముకంటె బాగుగా నోర్చుకొనును. కాని వేసవిలో బండిచక్రపు కొయ్య కుంచించి యినుపపట్టా వదులగుట మన రైతు లెఱుఁగుదురు. కొయ్యపంకా మరబిగింపులును అట్లే. కారు మాఱినప్పుడెల్లఁ జూచుకొనవలెను.

శిష్యునకు నే నిట్లు జాబు వ్రాసితిని: "నాయనా, ఆ శాస్త్రమున నీకుఁ బనికివచ్చునది లేదు. ఆనాఁడు నాకుఁ దెలియక యట్లంటిని. ఇంజను చేసినవారి పట్టికను, బంకా చేసినవారి పట్టికను దగ్గఱ పెట్టుకొని చూడుము. విమానమును నేలకుఁ గట్టి త్రిప్పి చూడుము. ఇంజను తన నియమితపు వడి నందుకొనకున్నఁ బంకా దానికి బరువు; మించినచోఁ దేలిక. పరీక్షాధికారులు సరియనువఱకు నేల విడువకుము."

తెలియదను మాట యాడుటకు నాకు ముప్పదియేండ్లు పట్టినది. తరగతిలో నున్న యువకోపాధ్యాయులు దాని నా గంటలోనే యందురుగాక.