అజో రంజనముల చరిత్ర

నత్రజనికి ఫ్రెంచి రసాయనజ్ఞుడగు లవాజియే "అజోట్" అను పేరు పెట్టెను. గ్రీకుభాషననుసరించి దానికి నిర్జీవమని యర్థము. ఆ వాయువునందు మాత్రమే యుంచిన ప్రాణి బ్రతుకజాలదు గనుక ఆ నామము చెల్లినది. అట్టి నత్రజని పరమాణువులు రెండు ద్విబంధముచే గూడి, ఇరుప్రక్కలను బెంజీను జాతి వలయములను ధరించినచో అజో రంజనము లేర్పడును. వస్త్రమునకు వన్నె తెచ్చుటయు, రోగిని బ్రతికించుటయు, కార్మికుని ప్రాణము దీయుటయు ఈ యొక్క బంధము మూలముననే కలిగిన విధము చదువరులు తెలిసికొనదగియున్నది.

1858లో జర్మనీదేశమున మార్‌బుర్గు విశ్వవిద్యాలయమునందు పీటర్ గ్రీస్ అను యువకుడు ఎమీను జాతి పదార్థముపై నత్రసామ్లమును ప్రయోగించి డయాజో సమ్మేళనములను కనుగొనెను. పిమ్మట నాతడు ఇంగ్లండునకు బోయి, 1862 మొదలు 1888లో మరణించువరకు బర్టన్ పట్టణమున నొక బీరు కర్మాగారములో రసాయనజ్ఞుడై యుండి, జీవనోపాధికి బీరును పరీక్షించుచు, తీరిక వేళలందు ఈ పరిశోధనను విడువక సాగించెను.

తయారుచేయు పద్ధతి యిది. ఎనిలీనును ఉదజహరికామ్లమున గరగించి, మంచుతో చల్లబరచి, సోడియం నైట్రైటు ద్రావణమును కొద్దికొద్దిగా బోయవలెను. వేడిమి 5 సెంటిగ్రేడు డిగ్రీలు దాటరాదు. దాటినచో నత్రజని బుడగలై లేచిపోయి ఫినాలు మిగులును. ఆ డయాజో లవణము ఎండినచో ప్రేలగలదు గనుక ద్రావణముగనే వాడుదురు. క్షారమున గరగించిన బీటా నాఫ్తాలుతో దానిని గలిపినంతనే నారింజ యెరుపు రంగు పుట్టును. 1884లో సాండ్‌మాయర్ రాగి లవణముల సాయమున డయాజో స్థానమునందు క్లోరీనును నిలుపు మార్గము చూపెను. ఇక అజో బంధమును క్షయకరణముచే ఛేదించినచో రెండు ఎమీనులు వచ్చును. అందుచేత కొన్ని ఎమీనులను బడయుటకు రసాయనజ్ఞులు మొదట రంగును గట్టి, పిదప దానినే విరుతురు.

1884లోనే బ్యోటిగర్ కాంగో ఎరుపునకు పేటెంటు పొందెను. మచిలీపట్టణపు అద్దకమువారు చిరివేరు ఎరుపును నూలుబట్టకు పట్టించుటకు పటిక వాడవలసియుండెడిది. కాంగో ఎరుపునకు అట్టి సాయ మక్కరలేదు. బట్టను తొట్టిలో ముంచిన జాలును. ఈ సౌలభ్యమే బెంజిడీను రంగులకు వ్యాప్తి గలిగించినది.

1932లో డోమాక్ ప్రాంటోసిల్ అను ఎఱ్ఱని అజో రంజనము స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవులు సోకిన యెలుకలను బ్రతికించుట చూచి, 1935లో ప్రకటించెను. పరీక్షనాళికలో మాత్రము అది సూక్ష్మజీవుల నేమియు జేయలేదు. ఆ సంవత్సరమే పారిస్‌లోని పాశ్చర్ సంస్థయందు త్రెఫువెల్ దంపతులు, నిట్టి, బోవె అనువారు ఈ చిక్కు విప్పిరి. దేహములో అజో బంధము విరిగి సల్ఫానిలమైడు వెలువడుచున్నది. వర్ణహీనమగు ఆ శకలమే యౌషధము. దానిని 1908లోనే గెల్మో తయారుచేసియుండెను. దాని గుణము మాత్రము ఇరువదియేడేండ్లు మరుగుపడియుండెను.

అదే విరుపు మఱియొకచోట మృత్యువైనది. 1895లో ఫ్రాంక్‌ఫర్టు శస్త్రవైద్యుడు రేన్ ఫ్యూక్సీను రంగును చేయు కార్మికులయందు మూత్రాశయపు కంతులను వర్ణించెను. ఆ రంగు అజో జాతిది కాదు. అయినను ఎమీనులపై అనుమానము అచ్చట మొదలైనది. కాంగో ఎరుపు నడుమనున్న బెంజిడీను మూత్రాశయపు కాన్సరునకు కారణమని పిమ్మట స్థిరపడినది. 1997లో భారత ప్రభుత్వమును, 2002లో ఐరోపా సమాఖ్యయు హానికరమగు ఎమీనుల నిచ్చు అజో రంగులను నిషేధించినవి. రేన్ వర్ణించిన నూరేండ్లకు గాని మనకు ఆ శాసనము రాలేదు.

అజో రంగులన్నియు విషములని బెదరుట అజ్ఞానము. వన్నె నిలుచుచున్నదిగదా యని తృప్తిపడుట అంతకన్న గొప్ప అజ్ఞానము. విరిగిన పిదప ఏమి మిగులునని ప్రతి రంగును గూర్చియు అడుగవలెను. ఆ యుత్తరము కర్మాగారపు గదిలో దాగియుండరాదు. తొట్టిలో చేతులు ముంచు కార్మికునకు అది మొదట తెలియవలెను.