కాలువ గట్టు మీది గుంటగలగర

ఆత్రేయపురం పేరెత్తితే ఎవరికైనా పూతరేకులే గుర్తొస్తాయి. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మా ఊళ్ళో ఎవరూ నాటకుండా పెరిగి, తరాల తరబడి ఇంటి వైద్యానికి పనికొచ్చిన గుంటగలగర మాటే ఎవరూ రాయరు.

ఈ మొక్కకు మా ఊళ్ళో చెమ్మనిచ్చేది గోదావరి కాలువే. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. మధ్య డెల్టా నీళ్ళు బొబ్బర్లంక దగ్గర బయల్దేరి, మా మండలంలోని లొల్ల లాకుల వద్ద పాయలై కోనసీమలోకి పోతాయి. కాలువ వెంట బోదెలు, బోదెల వెంట వరిచేలు, ఆ చెమ్మలో ఈ మొక్క. గరుకు ఆకు, చిన్న తెల్లపువ్వు. రైతుకిది కలుపు. కలుపు తీసే ఆడవాళ్ళు మాత్రం పీకిన మొక్కల్లోంచి దీన్ని ఏరి కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చేవారు.

ఆకు నలిపితే రసం కాసేపటికి నల్లబడుతుంది. ఆ రసాన్ని కొబ్బరినూనెలో పోసి, చిటపటలు ఆగేదాకా సన్నసెగ మీద కాస్తే తలనూనె. పాతగుడ్డను రసంలో తడిపి, నీడన ఆరబెట్టి, వత్తి చేసి ఆముదంతో వెలిగించి, పైన పట్టిన మసిని రంగరిస్తే కాటుక. పచ్చబొట్లు పొడిచేవాళ్ళూ ఈ రసం వాడేవారు. ఆయుర్వేదంలో భృంగరాజం ఇదే.

పచ్చకామెర్లకూ ఈ పసరే ఇచ్చేవారు. ఇందులోని వెడెలోలాక్టోన్ కాలేయం మీద ఎలా పనిచేస్తుందో ప్రయోగశాలల్లో పరిశీలించారు కూడా. అయినా కామెర్లు వైరస్ వల్ల రావచ్చు, పిత్తనాళంలో రాయి అడ్డుపడీ రావచ్చు. రక్తపరీక్ష మానేసి పసరుతో రోజులు గడిపితే ప్రాణం మీదికొస్తుంది.

కలుపుమందులు వచ్చాక చేత్తో కలుపు తీయడం తగ్గింది. దాంతోపాటే ఆకును చూసి పేరు చెప్పగల వాళ్ళూ తగ్గారు. గట్టు మీద ఊరికే దొరికేదాన్ని తొక్కుకుంటూ వెళ్ళి, దాని పేరున్న నూనె సీసా కొంటున్నాం.

కావలసినవాళ్ళు మందు కొట్టిన చేలో ఆకు కోయకండి. పెరట్లో కుళాయి దగ్గర తడినేలలో రెండు కొమ్మలు గుచ్చితే కణుపు కణుపుకీ వేళ్ళు దిగి అదే పాకుతుంది.