కొలంబో కప్పు: ఇరుగుపొరుగు ఆడిన నాలుగేళ్ళు

2023 జూన్ 21 రాత్రి బెంగళూరు కంఠీరవ స్టేడియంలో వానకి తడుస్తూ ఇండియా-పాకిస్తాన్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూశాను. ఛెత్రీ మూడు గోల్స్ కొట్టాడు, మనం 4-0తో గెలిచాం. గొంతు పోయేలా నేనూ అరిచాను. వీసాలు ఆలస్యమై పాకిస్తాన్ జట్టు ఆ రోజే ఊళ్ళో దిగిందని తర్వాత చదివాక మాత్రం మనసు కాస్త చిన్నబోయింది. అసలీ రెండు జట్లూ మొదటిసారి ఎప్పుడు ఆడాయా అని వెతకడం అలా మొదలైంది.

1952 మార్చి, కొలంబో. ఈ రెండు దేశాల మధ్య మొదటి క్రికెట్ టెస్టుకి ఏడు నెలల ముందన్నమాట. భారత్, పాకిస్తాన్, బర్మా, సిలోన్ కలిసి ఒక కప్పు పెట్టుకున్నాయి. నాలుగూ నిన్నమొన్నటిదాకా ఒకే తెల్లదొర కింద ఉన్నవే, ఐదేళ్ళు కూడా నిండని దేశాలే. ప్రతి జట్టూ మిగతా మూడింటితో ఆడాలి. భారత్-పాకిస్తాన్ మ్యాచ్ 0-0. చివరికి కప్పు ఇద్దరూ పంచుకున్నారు. ఇప్పుడైతే పెనాల్టీలు కొట్టించైనా ఒకరిని ఓడించేవాళ్ళు!

తర్వాత 1953లో రంగూన్, 1954లో కలకత్తా, 1955లో ఢాకా. మూడుసార్లూ కప్పు మనదే. పాకిస్తాన్ మీద వరసగా 1-0, 3-1, 2-1. స్కోర్ల కన్నా నాకు ఆ ఊళ్ళ వరస ఎక్కువ నచ్చింది. ఏడాదికొకరు ఆతిథ్యమిచ్చారు, అందరూ అందరి ఊరికీ వెళ్ళారు. ఢాకాతో అది ఆగిపోయింది. బ్రిటన్‌లోని నాలుగు జట్లు ఇలాంటి పోటీనే 1884 నుంచి 1984 దాకా, యుద్ధాలప్పుడు తప్ప, ఆడుకున్నాయి. మనది నాలుగేళ్ళకే సరి.

ఆ కాలపు ఫుట్‌బాల్ గురించి మనవాళ్ళు చెప్పే కథ ఎప్పుడూ ఒకటే. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయ్యారు. 1956 మెల్బోర్న్‌లో అదే దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. మధ్యలో రహీం సాబ్ మహిమ. సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాదు బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. మెల్బోర్న్‌కి వెళ్ళినవాళ్ళలో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, తులసీదాస్ బలరాం మన జంటనగరాల వాళ్ళే. హైదరాబాదీగా ఈ కథ నాకూ ఇష్టమే. కానీ సగమే నమ్ముతాను.

ఎంత గొప్ప గురువైనా శిష్యులకి పరాయి జట్లతో ఆట దొరకాలి కదా. 1954లో మనీలా ఆసియా క్రీడల్లో జపాన్‌ని 3-2తో గెలిచి, ఇండోనేషియాతో 0-4తో ఓడి ఇంటికొచ్చేశాం. అంటే హెల్సింకీ నుంచి మెల్బోర్న్‌కి దారి తిన్నగా ఏమీ లేదు. ఆ గతుకుల మధ్య ఏడాదికోసారి తప్పకుండా దొరికినవి ఈ పొరుగు మ్యాచ్‌లే. మా సాఫ్ట్‌వేర్ పనిలోనూ అంతే, నాలుగేళ్ళకోసారి ఒకటే పెద్ద రిలీజ్ పెట్టుకుంటే కొంప కొల్లేరే.

ప్రదీప్ కుమార్ బెనర్జీ సంగతే తీసుకోండి. మన దేశం తరఫున అతను మొదట ఆడింది 1955లో, ఢాకాలో, ఈ కప్పులోనే. అప్పటికి పంతొమ్మిదేళ్ళు. మరుసటేడు మెల్బోర్న్‌లో ఉన్నాడు. సెమీఫైనల్లో ఎదురుపడింది మళ్ళీ యుగోస్లావియానే. మొదటి గోల్ మనది. చివరికి 1-4. ఓటమే, కాదనను. అయినా 1-10 పక్కన పెట్టి చూడండి.

దక్షిణాసియా జట్లకంటూ మళ్ళీ ఒక ప్రత్యేకమైన ఫుట్‌బాల్ కప్పు రావడానికి 1993 దాకా పట్టింది. అది మొదలైంది లాహోర్‌లో. గెలిచింది మనమే. బర్మా మాత్రం అందులో లేదు.