ఆటోమేటిక్ పౌడర్ ట్రిక్లర్

కాల్చిన తూటా ఇత్తడి గొట్టంలో మళ్లీ మందు నింపేటప్పుడు, చివరి పలుకులను మెల్లగా జార్చి, కోరిన బరువు రాగానే ఆగే పరికరం. మందు బరువు మారితే గుండు వేగం మారుతుంది. దూరపు గురి పోటీల్లో దెబ్బ పైకో కిందికో పోతుంది. కొలమానం గ్రెయిన్: సుమారు 64.8 మిల్లీగ్రాములు, కంసాలి గురిగింజ ఎత్తులో దాదాపు సగం. భారతదేశంలో ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.

పనితనమంతా త్రాసుదే. మామూలు లోడ్‌సెల్ త్రాసులు 0.1 గ్రెయిన్ వరకే చూపుతాయి. విద్యుదయస్కాంత బలంతో సమతూకం తెచ్చేవి 0.02 గ్రెయిన్ తేడానూ పడతాయి, మేలైనవి ఇవే. ఫ్యాను గాలి, స్థిర విద్యుత్తు, గది వేడిమిలో మార్పు అంకెను కదిలిస్తాయి కాబట్టి ప్రామాణిక తూనికరాయితో తరచూ సరిచూడాలి.